డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో డ్రైవ్ కనిపించనప్పుడు: కేబుల్ నుంచి డేటా దాకా

డ్రైవ్ కనిపించడం లేదని చెప్పేవారు నిజానికి మూడు వేర్వేరు పరిస్థితుల్లో ఏదో ఒకదాని గురించి చెబుతూ ఉంటారు. మొదటిది, మదర్‌బోర్డులోని బయోస్‌కే (విండోస్ కన్నా ముందు నడిచి కంప్యూటర్‌ను మేల్కొలిపే ప్రోగ్రామ్‌కే) ఆ డ్రైవ్ ఉన్నట్టు తెలియకపోవడం. రెండవది, బయోస్‌కు తెలిసినా విండోస్‌కు తెలియకపోవడం. మూడవది, విండోస్‌కు డిస్కు ఉన్న సంగతి తెలిసినా, అందులోని పార్టిషన్‌కు (డిస్కులో విడగొట్టిన భాగానికి) డ్రైవ్ అక్షరం లేకనో ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) అర్థం కాకనో ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో చూపించకపోవడం. మొదటి దానికి స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి, మూడవ దానికి మౌస్ చాలు. ఏది ఏదో తేల్చుకోకుండా కేబుళ్లు పీకడం, విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, తెర మీద వచ్చిన ప్రతి ప్రశ్నకూ ‘ఓకే’ నొక్కడం వల్ల పది నిమిషాల్లో తేలిపోయే లోపం కాస్తా ఫైళ్లు పోగొట్టుకునే దాకా వెళుతుంది. అందుకే డ్రైవ్ ఎవరికి కనిపించడం లేదో ముందు తేల్చి, ఎందుకు కనిపించడం లేదో ఆ తర్వాత వెతికే వరుసలో ఈ మార్గదర్శి సాగుతుంది.

పని మొదలుపెట్టే ముందు

కనిపించని ఆ డ్రైవ్‌లో మరెక్కడా కాపీ లేని ఫైళ్లు ఉన్నాయా అన్నది మొదట ఆలోచించుకోవాలి. ఉంటే, మీరు చేయవలసింది డ్రైవ్‌ను బాగుచేయడం కాదు, అందులోని ఫైళ్లను బయటికి తీయడం. అలాంటప్పుడు డిస్కును ఇనిషియలైజ్ (కొత్త డిస్కులా సిద్ధం) చేయమంటారా అని గానీ, ఫార్మాట్ చేయమంటారా అని గానీ విండోస్ అడిగితే ‘క్యాన్సిల్’ నొక్కాలి. పాడైపోతున్నదని అనుమానమున్న డిస్కు మీద చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్కు తనిఖీ ప్రోగ్రామ్) నడపకూడదు. అది ఫైల్ సిస్టమ్‌లోని పొంతన కుదరని చోట్లను సరిచేసి డిస్కు మీదే రాసేస్తుంది; ఆ రాతలను వెనక్కి తీసుకునే వీలుండదు. హార్డ్ డిస్కు నుంచి టక్ టక్ మని ఒకే తీరులో చప్పుడు వస్తుంటే, మిగతా మెట్లన్నీ వదిలేసి కంప్యూటర్‌ను ఆపి, నేరుగా చివరి భాగం చదవాలి. డ్రైవ్ కొత్తదైతే, లేదా అందులోని ప్రతిదానికీ మరో కాపీ ఉంటే, ఈ జాగ్రత్తల్లో చాలావరకు మీకు అక్కర్లేదు.

క్యాబినెట్ తెరిచే ముందు కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, వెనుక పవర్ సప్లై మీదున్న స్విచ్ ఆపి, పవర్ త్రాడు ఊడదీసి, ముందున్న పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోవాలి. కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు అలా ఖర్చవుతుంది. క్యాబినెట్‌లోని పెయింటు లేని లోహభాగాన్ని ఒకసారి తాకితే ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. కంప్యూటర్ నడుస్తుండగానే డ్రైవ్ తగిలించే వీలు సాటా (డ్రైవ్‌లను మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) ప్రమాణంలో ఉన్నా, ఆ పోర్టుకు బయోస్‌లో హాట్ ప్లగ్ ఆన్ చేసి ఉంటేనే అది సవ్యంగా పనిచేస్తుంది, మదర్‌బోర్డు స్లాటులో నేరుగా దిగే పలకల్లాంటి ఎం.2 డ్రైవ్‌ల విషయంలో అయితే అసలు ఆ ప్రయత్నమే చేయకూడదు. కేబుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. ఒకసారికి ఒకే మార్పు చేసి, కంప్యూటర్‌ను ఆన్ చేసి చూసి, ఆ తర్వాతే రెండో మార్పుకు వెళ్లండి. కేబులూ పోర్టూ కలిపి మార్చేస్తే డ్రైవ్ కనిపించవచ్చు గానీ, లోపం ఎక్కడుందో తెలియకుండానే మిగిలిపోతుంది.

బయోస్ ఏమంటున్నది

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ కీని గానీ ఎఫ్2ను గానీ వరుసగా నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లలో ఎఫ్10 లేదా ఎస్కేప్ కీ ఉంటుంది. ఆ కీ సమయానికి అందకపోతే, విండోస్‌లో షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ వరుసలో వెళ్లవచ్చు.

ఇక్కడ చాలామంది చూడవలసిన చోటు కాకుండా వేరే చోట చూస్తారు. బూట్ ఆర్డర్ జాబితాలో డ్రైవ్ పేరు లేనంత మాత్రాన బయోస్‌కు అది తెలియదని కాదు. ఆ జాబితాలో చేరేవి కంప్యూటర్‌ను బూట్ చేయగల డ్రైవ్‌లు మాత్రమే. కేవలం ఫైళ్లు దాచుకునే డిస్కు అక్కడ లేకపోవడం మామూలే. అలాగే, పాత ఎంబీఆర్ పద్ధతిలో (పార్టిషన్ల పట్టిక రాసే పాత తీరులో) విండోస్ వేసిన డిస్కు, బయోస్‌లో సీఎస్‌ఎం (పాత తరహా బూటింగ్‌ను అనుమతించే సెట్టింగ్) ఆపేసి ఉంటే, ఎంత ఆరోగ్యంగా ఉన్నా బూట్ జాబితాలోకి రాదు. అందువల్ల సాటా కాన్ఫిగరేషన్, స్టోరేజ్ ఇన్ఫర్మేషన్, ఎన్‌వీఎంఈ కాన్ఫిగరేషన్ వంటి పేర్లున్న పేజీలను వెతికి, ఏ పోర్టు ఎదురుగా ఏ మోడల్ పేరు, ఎంత సామర్థ్యం చూపిస్తున్నదో రాసుకోవాలి.

సామర్థ్యం సున్నా అని చూపించినా, మోడల్ పేరుకు బదులు అర్థంలేని అక్షరాలు కనిపించినా, కేబుల్ బాగానే ఉందనీ డ్రైవ్ లోపలి కంట్రోలర్ (దాన్ని నడిపే చిప్) తన సొంత సమాచారాన్ని చదువుకోలేకపోతున్నదనీ అనుమానించాలి. ఫైసన్ ఎస్11 కంట్రోలర్ ఉన్న ఎస్‌ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్‌లు) పాడైనప్పుడు అసలు పేరు పోయి ‘సాటాఫర్మ్ ఎస్11’ అని కనిపించడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అలా కనిపిస్తే కింది మెట్లతో ప్రయోజనం ఉండదు.

బయోస్‌లోనూ లేకపోతే: పవర్, కేబుల్, పోర్టు

ముందు పవర్ సంగతి చూడాలి. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు అయితే, కంప్యూటర్ ఆన్ చేస్తున్నప్పుడు దాని పక్కభాగం మీద వేలు ఆనించి ఉంచండి. లోపల ప్లాటర్లు (డేటా ఉండే పళ్లేలు) తిరగడం మొదలైతే సన్నని కంపనం తెలుస్తుంది. ఆ కంపనం లేకపోతే డ్రైవ్‌కు పవర్ అందడం లేదు, లేదా మోటారే తిరగడం లేదు. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులుంటాయి. 3.5 అంగుళాల డిస్కు మోటారుకు 12 వోల్టులు, సర్క్యూట్‌కు 5 వోల్టులు తీసుకుంటుంది, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి 5 వోల్టులు చాలు. కాబట్టి ఒకే పవర్ కేబుల్ మీద ఎస్‌ఎస్‌డీ పనిచేస్తూ, బాగుందని తెలిసిన పెద్ద డిస్కు తిరగకపోతే, 12 వోల్టుల తీగను అనుమానించడం న్యాయం. హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టే కొన్ని క్షణాలు మామూలుకన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. మూడు నాలుగు డిస్కులను ఒకే స్ప్లిట్టర్‌కు తగిలించినప్పుడు వాటిలో ఒకటి లేవకపోవడానికి తరచూ కారణం ఇదే. అలాంటప్పుడు స్ప్లిట్టర్ తీసేసి, ఆ డిస్కును పవర్ సప్లై నుంచి నేరుగా వచ్చే కేబుల్‌కు పెట్టి చూడాలి.

మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీయగల) పవర్ సప్లై వాడేవారు ఒక ప్రమాదాన్ని తప్పక గుర్తుంచుకోవాలి. డ్రైవ్ వైపు కనెక్టర్ అన్నిటికీ ఒకటే అయినా, పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. ఒక మోడల్ కేబుల్ మరో మోడల్‌లో చక్కగా దిగవచ్చు. దిగి, 5 వోల్టులు రావలసిన చోటికి 12 వోల్టులు పంపి డ్రైవ్‌ను కాల్చేయవచ్చు. పాత పవర్ సప్లై మార్చి కొత్తది పెట్టినప్పుడు పాత కేబుళ్లు అలాగే ఉంచేసి, అప్పటి నుంచి డ్రైవ్‌లు కనిపించకుండా పోయినట్లయితే, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేయకుండా ముందు ఆ కేబుళ్లను మార్చండి.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టె విప్పి లోపలి డిస్కును డెస్క్‌టాప్‌లో పెట్టుకునేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. సాటా 3.3 ప్రమాణంలో పవర్ కనెక్టర్ మూడో పిన్నుకు కొత్త పని అప్పగించారు: ఆ పిన్నుకు 3.3 వోల్టులు అందుతున్నంతసేపూ డ్రైవ్ ఆగిపోయి ఉండాలి. సర్వర్లలో డ్రైవ్‌ను దూరం నుంచే రీసెట్ చేయడానికి పనికొచ్చే ఏర్పాటు అది. పాత పవర్ సప్లైలు అదే పిన్నుకు ఎప్పుడూ 3.3 వోల్టులు ఇస్తూ ఉంటాయి కాబట్టి, ఈ సదుపాయం ఉన్న డిస్కు వాటి మీద అసలు తిరగదు. డిస్కు పాడైందనుకుని వెనక్కి పంపేయకుండా, 3.3 వోల్టుల తీగ లేని మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత రకం) కనెక్టర్ నుంచి సాటా అడాప్టర్‌తో పవర్ ఇచ్చి చూడండి. అడాప్టర్ కొనేటప్పుడు, తీగల మీద ప్లాస్టిక్‌ను కరిగించి పోసిన రకం కాకుండా ఒక్కో తీగా విడిగా పిన్నుకు బిగించి ఉన్న రకం ఎంచుకోవాలి. మొదటి రకంలో లోపల తీగలు తాకి కాలిపోయిన సందర్భాలున్నాయి. ఇంకొక మాట: కొన్ని ఎక్స్‌టర్నల్ పెట్టెల్లోని బోర్డు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. ఆ డిస్కు విడిగా తగిలిస్తే ఖాళీగానో ‘రా’ (RAW, అంటే ఫైల్ సిస్టమ్‌ను విండోస్ గుర్తుపట్టలేని స్థితి) అనో కనిపిస్తుంది. ఫైళ్లు కావాలంటే దాన్ని తిరిగి ఆ పెట్టెలోనే పెట్టాలి.

పవర్ అందుతున్నదని తేలితే డేటా కేబుల్ వంతు. సాటా డేటా కేబుల్ సన్నగా, ఏడు పిన్నులతో, మూలమలుపు ఆకారంలో ఉండే గాడితో ఉంటుంది. ఒక చివర వదులుగా ఉన్నా బయటికి బిగిసినట్టే కనిపిస్తుంది. లోహపు క్లిప్ ఉన్న కేబుల్ అయితే లోపలికి దిగినప్పుడు చిన్న ‘క్లిక్’ వినిపిస్తుంది; క్లిప్ లేనిది గ్రాఫిక్స్ కార్డు మార్చేటప్పుడో దుమ్ము దులిపేటప్పుడో చెయ్యి తగిలి కొంచెం జరిగిపోవడం చాలా మామూలు. రెండు చివరలా ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టి చూడండి. అప్పటికీ కనిపించకపోతే, అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష తారుమారు పరీక్ష. సరిగ్గా పనిచేస్తున్న మరో సాటా డ్రైవ్‌కు ఉన్న డేటా కేబుల్‌ను, మదర్‌బోర్డు వైపు కదిలించకుండా, కనిపించని డ్రైవ్‌కు పెట్టండి. ఇప్పుడు కనిపిస్తే తప్పు పాత కేబుల్‌ది లేదా పాత పోర్టుది. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి కేబుల్ ఒక్కటే మార్చి చూస్తే సరిపోతుంది. మంచి కేబుల్, మంచి పోర్టు, మంచి పవర్ ఇచ్చాక కూడా కనిపించకపోతే అనుమానమంతా డ్రైవ్ మీదకే వెళుతుంది. దాన్ని మరో కంప్యూటర్‌లో గానీ, సాటాను యూఎస్‌బీగా మార్చే అడాప్టర్‌తో గానీ ఒకసారి చూసి ఖాయం చేసుకోవచ్చు. 3.5 అంగుళాల డిస్కుకు ఆ అడాప్టర్‌తో పాటు విడి పవర్ అడాప్టర్ కూడా ఉండాలి; యూఎస్‌బీ పోర్టు 12 వోల్టులు ఇవ్వదు.

కొన్ని మదర్‌బోర్డుల్లో రెండు మూడు సాటా పోర్టులు చిప్‌సెట్‌కు (మదర్‌బోర్డు ముఖ్య చిప్‌కు) కాకుండా విడిగా అమర్చిన మరో కంట్రోలర్‌కు కలిసి ఉంటాయి. మాన్యువల్‌లో అవి వేరే పేరుతో ఉంటాయి. చిప్‌సెట్ పోర్టుకు మార్చగానే డ్రైవ్ కనిపిస్తే సమస్య ఆ కంట్రోలర్‌ది, లేదా దాని సెట్టింగ్‌ది. ఇక సాటాకు ముందు తరానికి చెందిన పాత ఐడీఈ డిస్కులు తగిలించేవారు వెనుకనున్న జంపర్‌ను మాస్టర్, స్లేవ్ స్థానాల్లో సరిగ్గా పెట్టారో లేదో చూసుకుంటే చాలు.

ఎం.2 డ్రైవ్‌ల చిక్కులు

ఎం.2 అనేది ఆకారానికి పేరే తప్ప వేగానికి పేరు కాదు. ఒకే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవున్న పలకలో సాటా పద్ధతిలో మాట్లాడే ఎస్‌ఎస్‌డీ ఉండవచ్చు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ (గ్రాఫిక్స్ కార్డులు కూడా వాడే వేగమైన దారి) మీద నడిచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉండవచ్చు. స్లాటు కూడా అంతే: కొన్ని రెండింటినీ అంగీకరిస్తాయి, కొన్ని ఒకదాన్నే. ఎన్‌వీఎంఈకి మాత్రమే పనికొచ్చే స్లాటులో సాటా ఎం.2 పెడితే, అది చక్కగా దిగుతుంది, స్క్రూ పడుతుంది, కానీ ఎన్నటికీ కనిపించదు. అంచున రెండు గాళ్లు (కోసినట్టుండే ఖాళీలు) ఉంటే సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ అన్న గుర్తు చాలాసార్లు సరిపోయినా, రెండు గాళ్లున్న ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లూ ఉన్నాయి. కాబట్టి గాళ్లను లెక్కపెట్టడం కన్నా డ్రైవ్ మోడల్ వివరాలనూ మదర్‌బోర్డు మాన్యువల్‌నూ పక్కపక్కన పెట్టుకుని చూడడం మేలు.

ఆ మాన్యువల్‌లోనే చూడవలసిన మరో పట్టిక ఉంటుంది. చిప్‌సెట్ నుంచి వచ్చే దారులు పరిమితం కావడం వల్ల, ఒక ఎం.2 స్లాటులో డ్రైవ్ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు వాటంతటవే ఆగిపోయే మదర్‌బోర్డులు ఎన్నో ఉన్నాయి. నిన్నటి దాకా బాగా పనిచేసిన హార్డ్ డిస్కు, కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టిన రోజే మాయమైతే, మొదట చూడవలసింది ఈ పట్టికనే. డిస్కు కేబుల్‌ను మరో సాటా పోర్టుకు మారిస్తే పని అయిపోతుంది. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే స్లాటుకు ఇంకో షరతు ఉండవచ్చు: ఇంటెల్ 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల్లో ప్రాసెసర్ పక్కనున్న ఎం.2 స్లాటు 11వ తరం ప్రాసెసర్‌తోనే పనిచేస్తుంది, అదే బోర్డులో 10వ తరం ప్రాసెసర్ పెడితే ఆ స్లాటు నిద్రపోతుంది.

అమర్చే తీరులోనూ పొరపాట్లు జరుగుతాయి. డ్రైవ్‌ను స్లాటులోకి ఏటవాలుగా తోసి, బంగారు రంగు పిన్నులు దాదాపు కనిపించనంత లోపలికి దిగాక, అప్పుడు కిందికి నొక్కి స్క్రూ బిగించాలి. డ్రైవ్ పొడవుకు తగిన రంధ్రంలో స్క్రూ ఎక్కే చిన్న దిమ్మె లేకపోతే పలక వంగి, పిన్నులు ఒక పక్క తాకకుండా పోతాయి. ఇక నాలుగు ఎం.2 డ్రైవ్‌లు పట్టే విస్తరణ కార్డు పెట్టుకున్నవారికి వాటిలో ఒక్కటే కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ కార్డు మీద సొంత స్విచ్ చిప్ లేకపోతే, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు 16 దారులను నాలుగేసి చొప్పున విడగొట్టే బైఫర్కేషన్ సెట్టింగ్‌ను బయోస్‌లో ఆన్ చేయాలి. ఆ సదుపాయం లేని బోర్డులో ఆ కార్డుతో నాలుగూ ఎప్పటికీ రావు.

బయోస్ సెట్టింగ్‌లను ముట్టుకునేటప్పుడు

సాటా పోర్టులను ఒక్కొక్కటిగా ఆపే సెట్టింగ్ చాలా బయోస్‌లలో ఉంటుంది. డ్రైవ్ ఉన్న పోర్టు ‘డిజేబుల్డ్’ అని ఉందేమో చూడండి. సీఎంఓఎస్ బ్యాటరీ (బయోస్ సెట్టింగ్‌లను నిలిపి ఉంచే చిన్న బ్యాటరీ) అయిపోయిన కంప్యూటర్‌లో సెట్టింగ్‌లు వాటంతటవే మొదటికి వస్తాయి. తేదీ, సమయం తప్పుగా ఉండడం దానికి గుర్తు. 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ మార్చి, సెట్టింగ్‌లు మళ్లీ సరిచేసుకోవాలి. తయారీదారు కొత్త బయోస్ ఇచ్చి ఉంటే, ముఖ్యంగా బోర్డు కన్నా డ్రైవ్ చాలా కొత్తదైనప్పుడు, అది వేయడం వల్ల ఫలితం ఉంటుంది. అయితే డిఫాల్ట్ సెట్టింగ్‌లు లోడ్ చేసే ముందు, బయోస్ అప్‌డేట్ చేసే ముందు, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ (మామూలు పద్ధతి) అని ఉందో రెయిడ్ (పలు డ్రైవ్‌లను కలిపి వాడే పద్ధతి) అని ఉందో తప్పక రాసుకోండి. విండోస్ ఇన్‌స్టాల్ చేసిన నాటి మోడ్ ఇప్పుడు మారిపోతే, బూట్ అయ్యేటప్పుడు నీలితెర మీద ‘ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్’ అన్న సందేశం వస్తుంది. డిస్కుకు ఏమీ కాలేదు. పాత మోడ్‌ను మళ్లీ పెడితే విండోస్ మామూలుగా తెరుచుకుంటుంది. బిట్‌లాకర్ (విండోస్‌లోని డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) ఉన్నవారు ఏ బయోస్ మార్పుకైనా ముందు రికవరీ కీ చేతిలో ఉంచుకోవాలి.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు

విండోస్‌ను ఇన్‌స్టాల్ చేస్తుండగానే డ్రైవ్‌ల జాబితా ఖాళీగా కనిపించడం ఈ రకంలో బాగా ఎదురయ్యేది. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా కంప్యూటర్లలో వీఎండీ అనే సదుపాయం ఆన్ అయి ఉంటుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు దాని వెనుక దాగి ఉండడం వల్ల, దానికి తగిన డ్రైవర్ లేని విండోస్ సెటప్‌కు అవి కనబడవు. దీనికి రెండు మార్గాలున్నాయి. రెయిడ్ అవసరం లేని ఇంటి కంప్యూటర్‌లో బయోస్‌కు వెళ్లి వీఎండీని ఆపేయడం తేలిక. అలా ఇష్టం లేకపోతే, తయారీదారు వెబ్‌సైటు నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుని, సెటప్ తెర మీదున్న ‘లోడ్ డ్రైవర్’ ద్వారా చూపించాలి. ఇప్పటికే విండోస్ ఉన్న కంప్యూటర్‌లో మాత్రం వీఎండీని నేరుగా ఆపితే పైన చెప్పిన నీలితెరే వస్తుంది. ముందుగా సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోని బూట్ పేజీలో సేఫ్ బూట్ ఎంచుకుని, రీస్టార్ట్ చేసి బయోస్‌లో మార్పు చేసి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరిచాక, ఆ టిక్కు తీసేయడం వాడుకలో ఉన్న పద్ధతి.

విండోస్ నడుస్తున్నా డ్రైవ్ లేదంటే, విండోస్ కీతో ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్ తెరవండి. డిస్క్ డ్రైవ్స్ కింద పేరు ఉందా, స్టోరేజ్ కంట్రోలర్ల దగ్గర పసుపు గుర్తు ఉందా చూసి, యాక్షన్ మెనూలో హార్డ్‌వేర్ మార్పులను వెతికే ఆదేశం ఇవ్వండి. తప్పు విండోస్‌దో కాదో తేల్చే మంచి సాక్షి ఒకటుంది: పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్‌ను (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్‌ను) తెరిచి అక్కడి డిస్క్స్ ప్రోగ్రామ్‌లో చూడడం. అక్కడ డ్రైవ్ సవ్యంగా కనిపిస్తే, మీరు విండోస్ డ్రైవర్ల మీద దృష్టి పెట్టవచ్చు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉంది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో లేదు

విండోస్ కీ, ఎక్స్ మెనూలోనే డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. అది తెరవగానే ఇనిషియలైజ్ డిస్క్ అన్న పెట్టె ఎదురుగా వచ్చి, పాత ఎంబీఆర్ కావాలా, పార్టిషన్ల పట్టిక రాసే కొత్త పద్ధతి అయిన జీపీటీ కావాలా అని అడగవచ్చు. కొత్త డ్రైవ్ అయితే జీపీటీ ఎంచుకుని ముందుకు సాగండి. ఆ తర్వాత ‘అన్‌అలొకేటెడ్’ అని నల్ల పట్టీతో ఉన్న చోట కుడి క్లిక్ చేసి కొత్త సింపుల్ వాల్యూమ్ సృష్టిస్తే డ్రైవ్ సిద్ధమవుతుంది. కొత్త డ్రైవ్‌లకు ఈ పని చేయనందువల్లే ‘కనిపించడం లేదు’ అనే ఫిర్యాదు ఎక్కువగా వస్తుంది. నిన్నటి దాకా ఫైళ్లున్న డిస్కు గురించి అదే పెట్టె వస్తే మాత్రం అర్థం పూర్తిగా వేరు. డిస్కు మొదటి భాగంలోని పార్టిషన్ పట్టికను విండోస్ చదవలేకపోయిందన్నమాట. అప్పుడు ‘క్యాన్సిల్’ నొక్కి, కేబుల్‌నూ డ్రైవ్ ఆరోగ్యాన్నీ చూడాలి.

పార్టిషన్ ‘హెల్తీ’ అని ఉండి అక్షరం మాత్రం లేకపోతే, కుడి క్లిక్ చేసి డ్రైవ్ అక్షరం మార్చే ఆదేశంతో ఒకటి ఇవ్వడమే పని. అయితే బూట్ కావడానికీ మరమ్మతుకూ విండోస్ వాడుకునే ఈఎఫ్‌ఐ, రికవరీ పార్టిషన్లకు అక్షరం లేకపోవడం సహజం, వాటిని కదిలించకండి. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పార్టిషన్ కూడా విండోస్‌కు అర్థం కాని ముక్కగానే కనిపిస్తుంది, దాన్ని ఫార్మాట్ చేస్తే లినక్స్ పోతుంది. ‘రా’ అని ఉంటే ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్నది, లేదా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. ఫైళ్లు కావలసినవారు అక్కడితో ఆగాలి. ‘ఫారిన్’ అని ఉంటే మరో కంప్యూటర్‌లో డైనమిక్ డిస్కుగా (విండోస్ తన ప్రత్యేక పద్ధతిలో నిర్వహించే డిస్కుగా) చేసినది. కుడి క్లిక్‌లోని ఇంపోర్ట్ ఆదేశంతో దాన్ని తెచ్చుకోవచ్చు.

‘ఆఫ్‌లైన్’ అని ఉన్న డిస్కును కుడి క్లిక్‌తో ఆన్‌లైన్ చేయవచ్చు, కానీ ముందు కారణం చదవండి. సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఢీకొన్నదని ఉంటే, అది మరో డిస్కుకు అచ్చుగుద్దిన క్లోన్. దాన్ని ఆన్‌లైన్ చేసినప్పుడు విండోస్ కొత్త సిగ్నేచర్ రాస్తుంది. ఫైళ్ల కోసమైతే ఇబ్బంది లేదు గానీ, ఆ క్లోన్ నుంచే బూట్ చేయాలనుకునేవారు ఆన్‌లైన్ చేయకుండా, అసలు డిస్కును ఊడదీసి క్లోన్‌తో కంప్యూటర్‌ను తెరవాలి. డిస్కు రీడ్ ఓన్లీ అని మొరాయిస్తే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్క్‌పార్ట్ నడిపి, లిస్ట్ డిస్క్‌తో సంఖ్య చూసి, సెలెక్ట్ డిస్క్‌తో ఎంచుకుని, యాట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ ఇవ్వాలి. ఆ ప్రోగ్రామ్‌లోని క్లీన్ ఆదేశాన్ని ఇంటర్నెట్‌లో ఎవరు సూచించినా, డేటా కావలసిన డిస్కు మీద వాడకండి. అది పార్టిషన్ పట్టికను తుడిచేస్తుంది, ‘నిజమేనా’ అని కూడా అడగదు.

4 టీబీ డిస్కులో 2048 జీబీ మాత్రమే వాడుకోనిచ్చి మిగతాది అన్‌అలొకేటెడ్‌గా ఉంటే, అది ఎంబీఆర్ పరిమితి. 512 బైట్ల సెక్టార్లకు (డిస్కు మీది చిన్న గడులకు) 32 బిట్ల సంఖ్యలు వేసే పద్ధతి కావడం వల్ల అది 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. డేటా డిస్కును డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జీపీటీకి మార్చాలంటే పార్టిషన్లు తీసేయాల్సి వస్తుంది కాబట్టి ముందు కాపీ తీసుకోవాలి. 1 టీబీ డ్రైవ్ 931 జీబీ చూపించడం మాత్రం లోపం కాదు, లెక్కించే పద్ధతిలోని తేడా.

కనిపిస్తూ మాయమవుతూ ఉంటే

పూర్తిగా చచ్చిన డ్రైవ్ కన్నా ఇలా దోబూచులాడే డ్రైవ్ ఎక్కువ విసిగిస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్‌తో దాని స్మార్ట్ పట్టిక (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) తెరవండి. అందులో సీ7 అన్న వరుస, కేబుల్ మీద ప్రయాణిస్తుండగా చెడిపోయిన డేటా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు. కాబట్టి అది ఎంత ఉందన్నది కాదు, పెరుగుతున్నదా అన్నదే ముఖ్యం. రాసి పెట్టుకుని, కేబుల్ మార్చి, ఒక పెద్ద ఫోల్డర్‌ను కాపీ చేసి మళ్లీ చూడండి. అంకె కదలకపోతే పాత కేబుల్‌ను చెత్తబుట్టలో వేయవచ్చు. 05, సీ5, సీ6 వరుసలు దీనికి భిన్నమైనవి. అవి డిస్కు ఉపరితలం గురించి చెబుతాయి. వాటి అసలు విలువలు సున్నా దాటి పెరుగుతూ పోతుంటే ఏ కేబులూ కాపాడలేదు, వెంటనే ఫైళ్లు కాపీ చేసుకోవాలి.

ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్ కూడా చాలా చెబుతుంది. డిస్కు మాట్లాడకపోవడంతో కంట్రోలర్ దాన్ని రీసెట్ చేస్తే 129, చదవడం గానీ రాయడం గానీ మళ్లీ ప్రయత్నించవలసి వస్తే 153, చెడ్డ బ్లాకు ఎదురైతే 7 సంఖ్యతో నమోదవుతుంది. 129 తరచుగా వస్తూ స్మార్ట్ పట్టిక శుభ్రంగా ఉంటే, కేబుల్, పవర్, ఆ తర్వాత విద్యుత్ పొదుపు సెట్టింగ్‌లను వరుసగా చూడండి. పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆపితే కొన్ని ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు మాయమవడం మానేస్తాయి.

తప్పు డ్రైవ్‌దేనని తేలినప్పుడు

ఎస్‌ఎస్‌డీ కరెంటు పోయిన తర్వాత కనిపించకుండా పోతే, డేటా కేబుల్ తీసేసి పవర్ మాత్రమే ఇచ్చి అరగంట ఉంచి, తర్వాత ఆపి, మళ్లీ మామూలుగా తగిలించి చూడడం హాని లేని ప్రయత్నం. లోపలి కంట్రోలర్ తన పట్టికలను సరిచేసుకునే అవకాశం దానికి దొరుకుతుంది. ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే నడిచే ప్రోగ్రామ్) లోపాలూ నిజమే: సీగేట్ బారకుడా 7200.11 హార్డ్ డిస్కుల్లో కొన్ని ఫర్మ్‌వేర్ తప్పిదం వల్ల ఆన్ చేయగానే బయోస్‌కు కనిపించకుండా పోతే, 2009లో ఆ సంస్థ సవరించిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది. క్రూషియల్ ఎం4 ఎస్‌ఎస్‌డీలు 5184 గంటల వాడకం దాటాక స్పందించకపోయే లోపానికి 2012లో సవరణ వచ్చింది. డ్రైవ్ ఇంకా కనిపిస్తున్నప్పుడే తయారీదారు వెబ్‌సైటులో మీ మోడల్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూసుకోవడం మంచిది, కనిపించకుండా పోయాక వేసే దారి ఉండదు.

3.5 అంగుళాల డిస్కు తగిలించినప్పుడు కంప్యూటరే ఆన్ కాకపోయి, దాన్ని తీసేస్తే ఆన్ అవుతుంటే, డిస్కు బోర్డు మీద ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే రక్షక డయోడు షార్ట్ అయి ఉండవచ్చు. ఇది నిపుణులు తేలికగానే సరిచేయగల లోపం. అదే మోడల్ డిస్కు నుంచి బోర్డు విప్పి దీనికి బిగిస్తే సరిపోతుందన్న సలహా ఈ కాలపు డిస్కులకు దాదాపు పనిచేయదు, ఎందుకంటే ప్రతి డిస్కుకూ ప్రత్యేకమైన సర్దుబాటు వివరాలు దాని బోర్డు మీది చిప్‌లోనే ఉంటాయి. ఇక డిస్కును ఫ్రీజర్‌లో పెట్టమనే సలహా ఎక్కడ చదివినా పాటించకండి. లోపల తేమ గడ్డకట్టి ప్లాటర్లు పాడవుతాయి.

డ్రైవ్ కొంతసేపైనా కనిపిస్తూ, చప్పుళ్లేమీ చేయకపోతే, లైవ్ లినక్స్ నుంచి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రామ్‌తో దాని మొత్తాన్నీ సమానమైన లేదా పెద్దదైన మరో డ్రైవ్ మీదికి కాపీ చేసి, ఫైళ్లను ఆ కాపీ నుంచే వెతుక్కోవాలి. అది సులభంగా చదవగలిగిన చోట్లను ముందు తీసుకుని, ఎక్కడెక్కడ విఫలమైందో మ్యాప్ ఫైలులో రాసుకుని, కష్టమైన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. మధ్యలో ఆగినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఆదేశంలో మూలం ముందు, గమ్యం తర్వాత రావాలి. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి డేటా మీద రాసేస్తుంది కాబట్టి, ఎంటర్ నొక్కే ముందు రెండు డ్రైవ్‌ల మోడల్ పేర్లూ సామర్థ్యాలూ మరోసారి సరిపోల్చుకోండి.

టక్ టక్ మనే చప్పుడు, గీకుతున్న ధ్వని, తిరగలేక మూలిగే మోటారు: ఇవి హెడ్లు (ప్లాటర్ మీద డేటా చదివే, రాసే భాగాలు) దెబ్బతిన్నాయనో ఇరుక్కున్నాయనో చెప్పే గుర్తులు. ఆన్ చేసిన ప్రతిసారీ హెడ్లు ప్లాటర్ మీద మరికొంత గీత గీస్తాయి. మూత తెరవడం ఇంట్లో చేసే పని కాదు. దుమ్ములేని గదీ, తగిన పనిముట్లూ ఉన్న డేటా రికవరీ సంస్థకు ఇవ్వడం ఒక్కటే మార్గం. వారంటీ మిగిలి ఉంటే తయారీదారుకు పంపే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి: వారంటీ కింద వచ్చేది మరో డ్రైవ్ మాత్రమే, పాత డ్రైవ్ మళ్లీ మీ చేతికి రాదు. ఫైళ్లు కావాలంటే రికవరీ ముందు, వారంటీ తర్వాత. డ్రైవ్‌ను తెరిస్తే వారంటీ ఏమవుతుందో తయారీదారును ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.